కంచె మీది ముదురాకు

కోయంబత్తూరు దగ్గర అన్నూరు దాటి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే చిన్న ఊళ్ళో రామాయి ఇల్లు. ఆ ఇంటి గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. ఎరువుల అంగడి వాళ్ళు ఏటా ఇచ్చేది. తెల్లవారగానే ముందు రోజు కాగితం చింపడం రామాయి మొదటి పని. ముందు రోజు ఇంటి నుంచి ఎవరూ బయలుదేరి పోకపోతే ఆ కాగితం పొయ్యిలోకి. ఎవరైనా పోయి ఉంటే మాత్రం కాగితం వెనక్కి తిప్పి, వాళ్ళ పేరు, చేతికి ఏమిచ్చి పంపిందో రాసి, బిస్కెట్ల డబ్బాలో పెడుతుంది.

ఆమె బడికి పోయిన మనిషి కాదు. బస్సు బోర్డులు, సబ్బు కవర్లు, పొట్లాల కాగితాలు చూసి తమిళ అక్షరాలు తనంతట తానే పట్టుకుంది. ఇంట్లో మాటేమో తెలుగు. అందుకని ఆ కాగితాల మీద తమిళ అక్షరాల్లో తెలుగు ఉంటుంది. ఇంకొకరు చదవాలంటే పైకి పలికి, తమ గొంతు తామే వినాలి.

ఈ అలవాటు వెనక ఆమె చెల్లెలు రాసాత్తి ఉంది. పదిహేడేళ్ళప్పుడు మదురై అవతల నల్లరేగడి ఊరికి కాపురానికి పోయింది. బస్సు కదిలేటప్పుడు రామాయి ఏదో చేతిలో పెట్టింది. ఆరు నెలలకు జ్వరం వచ్చి రాసాత్తి పోయింది. ఆ రోజు తాను పెట్టింది ఏమిటో రామాయికి ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. మురుకులా? జామకాయలా? యాభై ఏళ్ళయింది, ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి రాయడం మొదలుపెట్టింది. మొగుడు కుళందైసామి బతికున్న రోజుల్లో మేట్టుపాళయం మార్కెట్టుకు వక్కల మూట వేసుకుని పోయినా రాసేది. "సాయంత్రం వచ్చేవాడికి ఏమిటికే ఈ రాతలు?" అని ఆయన నవ్వేవాడు. ఆయన పోయి పదేళ్ళయింది. పెరుగన్నం, ఊరగాయ అని రాసిన కాగితాలు మాత్రం డబ్బాలో ఉన్నాయి.

జులై చివర, ఆడి నెల గాలి మొదలైన వారంలో మనవరాలు ఆనంది ఫోను చేసింది. కోయంబత్తూరులో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. కన్నవాళ్ళు అవినాశిలో బనియన్ల కంపెనీలో పనికి కుదిరినప్పటి నుంచి ఆమెను పెంచింది రామాయే.

"అవ్వా, తింటివా?"

"తింటిని అమ్మణీ. నీ గొంతేమి అట్లుండాది? జ్వరమా?"

"జ్వరం లేదు. ఆకు పని చేయలా."

"ఏ ఆకు?"

"నువ్వు కండక్టరు చేతికిచ్చి పంపిస్తివే, ఆ ముడక్కత్తాన్. చిత్తిరైలో నేను తీసుకపోయింది బాగా పని చేసింది. అదే ఇంకొక తూరి చేసి చూపించమన్నారు. ఈ ఆకుతో మూడు తూర్లు చేస్తిని. మూడు తూర్లూ ఏమీ లేదు."

ముడక్కత్తాన్ అంటే కంచెల మీద అల్లుకునే సన్నటి తీగ. ఆంధ్రలో బుడ్డకాకర అంటారట. గాలి బుడగల్లాంటి కాయలు కాస్తుంది. లోపలి నల్లటి విత్తనం మీద గుండె ఆకారంలో తెల్లటి మచ్చ ఉంటుంది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళకు ఆ ఆకు రుబ్బి దోసెలు పోయడం రామాయి ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. ఆ ఆకులో ఏముంది, అది ఒంట్లో వాపును ఎట్లా తగ్గిస్తుంది అన్నదే ఆనంది పని.

"పని చేయకపోతే ఏమవుతుంది?" అంది రామాయి.

"వచ్చే నెల ఆవణిలో నా పని చూసే కమిటీ కూచుంటుంది. అప్పటికీ రాకపోతే ఈ ఆకు విడిచిపెట్టాల. మదురైలో ఇంకొక ల్యాబులో వేరే పని ఉండాదంట. రెండేళ్ళు ఆడనే ఉండాల."

రామాయి రుబ్బురోలు గట్టు మీద కూలబడింది. మదురై పేరు వింటే ఆమెకు గుడి గుర్తు రాదు, మల్లెపూలు గుర్తు రావు. బస్సు వెనక అద్దంలో చిన్నదైపోయిన చెల్లెలి ముఖం గుర్తొస్తుంది.

"అదే కంచె ఆకే కదా అవ్వా పంపించింది?"

"అదే అమ్మణీ. ఇంకేముండాది ఇక్కడ."

ఫోను పెట్టేసి రామాయి పెరటి కంచె వైపు చూసింది. అది అదే ఆకు కాదు.

చిత్తిరైలో, నడి ఎండాకాలంలో, ఆనంది రెండు రోజులకని వచ్చినప్పుడు బావి అడుగంటి ఉంది. పెరడంతా ఎండిపోయింది. పచ్చగా మిగిలింది పడమటి వైపు రాళ్ళ నేలలో ముళ్ళకంచె మీది తీగ ఒక్కటే. దాని ఆకులు ఎండకు కమిలి, అంచులు ఎర్రబారి, అప్పడాల్లా గరుకుగా ఉన్నాయి. వేరే దారి లేక అవే కోసి సంచిలో వేసింది. వాన పడగానే ఆ తీగ గింజలే తెచ్చి సొరపందిరి కింద నాటింది. కుడితి నీళ్ళు పోసింది. నీడన పెరిగిన ఆకులు చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా వచ్చాయి. ఆనంది మళ్ళీ ఆకు కావాలని అడిగినప్పుడు, చదువుకునే పిల్లకు ముదురాకు పంపేదేమిటని, ఆ లేతాకుల్లోంచి ఒక్కొక్కటీ ఏరి, గుడ్డ కప్పి ఆరబెట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చింది. ఆ రోజు ఎంత గర్వపడిందో చెప్పడానికి లేదు.

సాయంత్రం పక్కింటి తాయమ్మాళ్ వచ్చింది. రామాయి కన్నా రెండేళ్ళు చిన్నది, మోకాళ్ళు మాత్రం పదేళ్ళు పెద్దవి. సంగతంతా విని కాళ్ళు చాపుకుంది.

"లేతాకు పంపిస్తే తప్పా? నాకెప్పుడైనా లేతాకు దోసె పోస్తివా నువ్వు? అంతా కొరివికట్టెల మాదిరి ఆకే నాకు."

"పిల్ల కాలేజీ కాగితంలో అదే కంచె ఆకు అని రాసుంటుంది తాయీ. నేను చెప్పిన మాట నమ్మి రాసింది. ఇప్పుడు పోయి నేను కాదంటే దాన్ని అబద్ధాలకోరు అనరా?"

"అందుకే నోరు మూసుకుని ఉండు. నువ్వు చెప్పకపోతే ఎవురికి తెలుస్తుంది? పందిరి తీగ వచ్చి సాక్ష్యం చెప్తుందా?"

చెబితే పిల్ల పేరు పోతుందేమో. చెప్పకపోతే పిల్లే పోతుంది. రామాయికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే తీసింది. చిత్తిరై నెలది దొరికింది. 'ఆనంది. కంచె మీది ముదురాకు, ఎండకు కమిలింది. మంచిది ఇవ్వలేకపోతిని. రెండు టెంకాయలు.' వాన పడ్డాక వచ్చిన ఆని నెలది కూడా దొరికింది. అందులో పేరు మనిషిది కాదు, సంచిది. 'ఆనందికి సంచి పోయింది. పందిరి కింది లేతాకు. ఈ తూరి మంచిది.'

ఆ రెండు కాగితాలూ చీర కొంగున ముడి వేసుకుంది. పొద్దున్నే కంచె మీది ఆకు ఒక సంచిలో, పందిరి ఆకు ఒక సంచిలో కోసుకుని, ఏడున్నర బస్సెక్కింది. కండక్టరు రెండు సంచులు చూసి నవ్వాడు.

"ఏమి పెద్దమ్మా, ఈ తూరి సంచితో కూడా నువ్వే వస్తుండావే."

"సంచికి మాట్లాడడం రాదు నాయనా," అంది రామాయి.

కోయంబత్తూరు గాంధీపురం బస్టాండులో దిగి, ముగ్గురిని దారి అడిగి, కాలేజీ గేటు దగ్గర నిలబడేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆనంది పరుగెత్తుకుంటూ వచ్చింది. తెల్లకోటు, చెదిరిన జడ, నిద్ర లేని కళ్ళు.

"ఏమవ్వా, చెప్పకుండా వస్తివి? ఇంట్లో ఏమన్నా అయిందా?"

"ఇంట్లో ఏమీ లేదు. మీ మేడమును చూడాల."

"మేడమునా? ఏమిటికి?"

"ఆయమ్మ ముందరే చెప్తాను. రెండు తూర్లు చెప్పే ధైర్యం నాకు లేదు."

ఆనంది పరిశోధన చూసే మేడం పేరు కళైసెల్వి. యాభై దాటిన మనిషి. అద్దాలు తలమీదికి తోసుకుని ఏదో రాసుకుంటోంది. ఆనంది తమిళంలో తన అవ్వ అని చెప్పింది. రామాయి కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, ఇంట్లో బట్టీపట్టుకుని వచ్చిన తమిళ మాటలు మొదలుపెట్టి, సగంలో తడబడి, తెలుగులో పడిపోయింది.

"తప్పు నాది తల్లీ. పిల్లది కాదు. కంచె ఆకు అడిగితే నేను పందిరాకు పంపిస్తిని. అడిగితే అదేనని చెప్తిని. ఒకే విత్తు కదా అనుకుంటిని."

కళైసెల్వి అద్దాలు కిందికి దించుకుంది.

"కూచో పెద్దమ్మా," అంది, తెలుగులోనే. "మా ఇంట్లోనూ ఇదే మాట. నిలబడి చెప్పే సంగతి కాదు ఇది."

రామాయి ఉలిక్కిపడి కూర్చుంది. కళైసెల్వి రెండు కాగితాలూ తీసుకుని, తమిళ అక్షరాలను పెదవులతో పలుకుతూ చదివింది. రెండోసారి పైకే చదివింది. 'ఎండకు కమిలింది' అన్న మాట దగ్గర ఆగింది.

"ఆనందీ, చిత్తిరై ఆకు ఎక్కడ కోసింది, ఏ తేదీ, ఎండలోనా నీడలోనా అని నీ నోటులో ఉండాదా?"

ఆనంది తల దించుకుంది. "ఊరి పేరు మాత్రం రాస్తిని మేడం."

"బడికి పోని మీ అవ్వ రాసింది."

రామాయికి భయం ఎక్కువైంది. పిల్లను కాపాడదామని వచ్చి తిట్టించానే అనుకుంది. కళైసెల్వి ముఖం చూస్తే కోపం లేదు. లేచి రెండు సంచుల్లోంచి చెరొక ఆకు తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టింది. ఒకటి లేత పచ్చ, మెత్తన. ఒకటి ముదురు, అంచున ఎరుపు.

"ఎండకు మనం గొడుగు పట్టుకుంటాము. ఆకు ఎక్కడికీ పోలేదు కదా పెద్దమ్మా. లోపలే గొడుగు మాదిరి కొన్ని సరుకులు తయారు చేసుకుంటుంది. ఫ్లేవనాయిడ్లు అంటాము. మీ పిల్ల వెతికేది వాటినే. నీడలో కుడితి తాగిన ఆకుకు ఆ కష్టం లేదు. అవి తక్కువగా ఉండొచ్చు."

"అంటే నేను కష్టం లేకుండా పెంచిందే తప్పా?"

"ఆకుకు. మనవరాలికి కాదులే." కళైసెల్వి నవ్వింది. "ఇది నిజమా కాదా అన్నది చేసి చూస్తే గదా తెలిసేది. రెండు ఆకులూ ఒకే రోజు ఆరబెట్టి, ఒకే తట్టలో, మా గుంటల పళ్ళెంలో, పరీక్ష చేయాల. కమిటీకి ఇంకా మూడు వారాలుండాది."

భోజనాల వేళ వేపచెట్టు కింద ఆనంది టిఫిన్ డబ్బా విప్పింది. కోపంగా ఉందేమోనని రామాయి ఓరకంట చూసింది. పిల్ల నిమ్మకాయ అన్నం అవ్వకు ఎక్కువ పెట్టి తనకు తక్కువ పెట్టుకుంది. ఆ తర్వాతే రామాయికి ముద్ద దిగింది.

"ఆ ఆకు లోపలికి పోయి ఏం చేస్తుంది, నాకు తెలిసేట్టు చెప్పు."

"ఒంట్లో కావలి కణాలు ఉంటాయి అవ్వా. రోగం తెచ్చే పురుగు లోపలికి వస్తే పట్టి మింగేస్తాయి. మేక్రోఫేజులు అని పేరు. పురుగు వస్తే మిగతా కణాలకు కేక పెడతాయి. వాపు, నొప్పి, వేడి, అంతా ఆ కేకల వల్లనే. కేక మంచిదే. కొందరికి పురుగు పోయినా కేక ఆగదు. తాయమ్మాళ్ అవ్వ మోకాలు అట్లాంటిదే అయ్యుండొచ్చు."

"మన వీధి కుక్కల మాదిరి. ఒకటి మొరిగితే అన్నీ. దొంగ అవినాశి చేరినా ఆపవు."

"అదే. ఆ ఆకులోది కుక్కను ఊరుకోమంటుందా అని నేను చూస్తుండా. పురుగు పైతొక్క మాదిరిది కొంచెం పోసి కణాలను రెచ్చగొడతాను. అవి ఒక రకం గాలి సరుకు విడుస్తాయి. దాని మీద మందు చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎక్కువైతే కేక ఎక్కువ. ఆకు రసం వేసిన చోట రంగు తగ్గితే, ఊరుకున్నాయని అర్థం."

రామాయి చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఆమె భయస్తురాలు. ఏ మంచి మాట విన్నా దాని వెనక ఎక్కడో ఒక చావు దాక్కుని ఉందేమోనని వెతకడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం.

"ఊరుకున్నాయో, చచ్చిపోయాయో? చచ్చిన కుక్క కూడా మొరగదు కదా అమ్మణీ."

ఆనంది కిందపడేలా నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "పోయిన ఏడు కమిటీ పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే అవ్వా. నాకు జవాబు రాలేదు. ఇప్పుడు ప్రతిసారి కణాలు బతికుండాయా లేదా అని ముందు అది చూస్తాను," అంది.

రామాయి ఊరికి తిరిగి వచ్చింది. మూడు వారాలు ఆమె క్యాలెండరు కాగితాలు చింపిన తీరు చూస్తే తాయమ్మాళ్‌కే భయం వేసింది. ఒక రోజు రెండు చింపింది.

"రేపటిది చింపితే రేపు వచ్చేస్తుందా?" అంది తాయమ్మాళ్.

"రానీ. వచ్చేది ఏదో వచ్చేస్తే పోతుంది."

"మదురైకే పోతే పోనీ. బస్సులు లేవా? నేను కూడా వస్తాను. నా మోకాళ్ళు మదురై చూడలా."

"నువ్వు మాట్లాడవద్దు."

కమిటీకి రెండు రోజులు ముందు ఆనంది ఫోను చేసి, ఈ రోజు తట్ట చూస్తాము, నువ్వూ రా అంది. మంచిదో చెడ్డదో తనకే తెలియదంది. రామాయి దారి పొడుగునా కిటికీ కడ్డీ పట్టుకునే ఉంది.

ల్యాబులో ఆమెకూ ఒక తెల్లకోటు తొడిగారు. అది మోకాళ్ళ కిందికి వచ్చింది. బల్ల మీద అరచెయ్యంత ప్లాస్టిక్ తట్ట. గుంత పొంగణాల పెనం మాదిరే గుంటలు, కాకపోతే గోటి కన్నా చిన్నవి, తొంభై ఆరు. ప్రతి గుంటలో చుక్క నీళ్ళు.

"కణాలు?" అంది రామాయి.

"పొద్దున్నే చూస్తిని. అన్నీ బతికే ఉండాయి. ఇవి వాటి మీది నీళ్ళు మాత్రమే." ఆనంది సన్నటి గొట్టం అందుకుంది. మందు చుక్కలు వరుసగా వేసింది. "పది నిమిషాలు."

మొదటి వరుస రెచ్చగొట్టని కణాలది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రెండో వరుస రెచ్చగొట్టినవి, ఆకు రసం లేనివి. మెల్లగా గులాబీ రంగు ఎక్కి, రోజ్‌మిల్క్ అంత చిక్కబడింది. మూడో వరుస పందిరి ఆకు. అదీ రోజ్‌మిల్కే, ఇంచుమించు అంతే చిక్కన. రామాయికి తాను పోసిన కుడితి నీళ్ళన్నీ గుర్తొచ్చాయి. నాలుగో వరుస చూడడానికి ధైర్యం చాలక గోడ మీది గడియారం చూసింది.

"అవ్వా," అంది ఆనంది. "చూడు."

నాలుగో వరుస కంచె ఆకు. రంగు ఉందా అంటే ఉంది. మొదటిసారి నీళ్ళలో ఉతికిన గులాబీ చీర వదిలేంత. అంతకు మించి ఎక్కలేదు. పది నిమిషాలయింది. పదిహేనయింది. ఎక్కలేదు.

కళైసెల్వి వంగి చూసింది. యంత్రంలో పెట్టి అంకెలు కూడా చూసింది. మూడుసార్లు చేసినవాటిలో ఇది మూడోది అని, మూడూ ఒకేలా ఉన్నాయని అప్పుడు చెప్పారు. ముందే ఆశ పెట్టకూడదని ఆనంది మొదటి రెండూ దాచిందట.

"దాస్తివా?" అంది రామాయి.

"నువ్వు పందిరాకు దాస్తివి. నేను ఇది దాస్తిని. సరికి సరి."

"మందు దొరికింది అనుకోవద్దు పెద్దమ్మా," అంది కళైసెల్వి. "తట్టలో కణాలు వేరు, మనిషి మోకాలు వేరు. మధ్యలో చాలా దూరముండాది. ఆకు ఎందుకు ఒక తూరి పని చేసి ఒక తూరి చేయలేదో మాత్రం ఇప్పుడు తెలిసింది. ఎండాకు, నీడాకు, రెండిటి మధ్య తేడా ఏమిటన్నదే ఇంక పిల్ల పని. కమిటీకి ఇది చాలు. రెండేళ్ళకు సరిపోయే పని."

"మదురైలోనా?"

"ఆ కంచె మదురైలో ఉండాదా? మీ ఊళ్ళో ఉండాది. వారానికి ఒక తూరి పోయి ఆకు కోసుకుని, ఎక్కడ, ఎప్పుడు, ఎండా నీడా అని రాసుకుని రావాల. ఇంక కండక్టరు చేతికి ఇవ్వడాలు లేవు."

రామాయి తెల్లకోటు అంచుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చి తల ఎత్తింది.

"మీది ఏ ఊరు తల్లీ?"

"మదురై పక్కనే. రేగడి నేల. అమ్మ ఆడనే ఉండాది. నెలకొక తూరి పోయి చూసుకుని వస్తాను."

"నెలనెలా పోతావా? వచ్చేస్తావా?"

"రేపు పోతే ఎల్లుండి వస్తాను."

రామాయి ఆమెను కాసేపు అట్లాగే చూసింది. మదురై నుంచి తిరిగి వచ్చిన మనిషిని ఇంత దగ్గరగా చూడడం ఆమెకు అదే మొదలు.

కమిటీ వాళ్ళు సరేనన్నారు. ఆ వారాంతం ఆనంది ఊరికి వచ్చింది, చేతిలో కొత్త నోటు, సంచిలో కాగితపు కవర్లు. పొద్దున్నుంచీ కంచె చుట్టూ తిరిగి, ఒక్కో కొమ్మకు దారం కట్టి, పేర్లు రాసింది. మధ్యాహ్నం రామాయి దోసెల పిండి కలిపింది. తాయమ్మాళ్ వాసన పట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర పీట వేసుకుంది.

"నాకు లేతాకు దోసె కావాల," అంది. "ముదురాకు మంచిదని కాలేజీలో చెప్తిరంటే నేను నమ్మను. నాకు పెట్టింది సరేననిపించుకునేదానికి వీళ్ళిద్దరూ చేరి కట్టిన కథ ఇది."

"నీకు పందిరాకుదే పోస్తాను తాయీ. మెత్తగా ఉంటుంది. మోకాలి సంగతి నాకు తెలియదు."

"వద్దులే. ముదురుదే పోసెయ్. చేదు అలవాటైంది."

ఆనంది తినే తీరు చూస్తూ రామాయి పెనం ముందు నుంచి కదల్లేదు. ఆరోది వేసేటప్పుడు చాలంది పిల్ల. వినిపించనట్టు వేసింది.

మరునాడు తెల్లవారి లేచి, ముందు రోజు కాగితం చింపింది. ఆనంది ఇంకా పడుకునే ఉంది, సాయంత్రం బస్సుకు గానీ పోదు. ఎవరూ పోని రోజు కాగితం. పొయ్యిలో పెట్టబోయి ఆగింది. గోడకు చేరబడి, పెన్సిలు నాలుక మీద తడుపుకుని, కాగితం వెనక్కి తిప్పి రాసింది.

'ఆనంది వచ్చింది. కంచె ఆకు దోసెలు. ఆరు తినింది.'

రాసి, రెండుసార్లు పైకి చదువుకుని, డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టి మూత వేసింది.